పాత ట్రావెల్ గైడ్లు పోగుచేయాలనుకుంటే: హద్దు గీసుకోవడం నుంచి అలమారాలో పెట్టేదాకా

రైల్వే టైంటేబుల్, పంచాంగం, ట్రావెల్ గైడు. కొత్తది రాగానే పాతదాన్ని చిత్తుకాగితాల్లో వేసేస్తాం. నవలనైతే మళ్లీ చదువుతామేమో అని దాచుకుంటాం గానీ, హోటల్ రేట్లు మారిపోయిన గైడును ఎవరు దాస్తారు? పైగా వీటిని ఇంట్లో కూర్చుని చదవరు. ఎండలో, వానలో, రైల్లో, జట్కాలో చేతిలో పట్టుకుని తిరుగుతారు. వేలల్లో అచ్చైన గైడ్లు కూడా ఇవాళ మంచి స్థితిలో కొన్నే మిగలడానికి కారణం ఇదే. ఈ హాబీలో సరదా అంతా అక్కడే ఉంది.

కొత్తగా దిగేవాళ్లు సాధారణంగా "అన్నిటికన్నా అరుదైన పుస్తకం ఏది?" అని మొదలుపెడతారు. ఆ దారిలో వెళ్తే డబ్బు ముందు అయిపోతుంది, ఆసక్తి తర్వాత పోతుంది. నా సలహా వేరు. ఒక చోటు ఎంచుకుని, ఆ చోటు గురించి వేర్వేరు కాలాల్లో వచ్చిన గైడ్లను పక్కపక్కన చేర్చండి. హైదరాబాద్ మీద పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు గైడు, 1927లో వచ్చిన బిల్‌గ్రామీ గారి ‘ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ద డెక్కన్’, 1950ల నాటి టూరిజం బుక్‌లెట్, 1981 నాటి లోన్లీ ప్లానెట్ ఇండియా ఒకే టేబుల్ మీద పరిచి చూడండి. విడివిడిగా ఇవేవీ పెద్ద నిధులు కావు. కలిపి చదివితే మాత్రం ఏ కట్టడాన్ని ఎప్పటినుంచి చూడదగ్గదిగా లెక్కేశారో, దేన్ని ఎప్పుడు జాబితాలోంచి తీసేశారో తెలుస్తుంది. అది ఏ ఒక్క పుస్తకంలోనూ దొరకదు.

మొదటి అడుగు: హద్దు గీసుకోండి

హద్దు లేకుండా కొంటే ఇంట్లో గుట్ట తయారవుతుంది తప్ప సేకరణ కాదు. హద్దును చాలా రకాలుగా గీసుకోవచ్చు: ఒక ఊరు, ఒక రైలు మార్గం, ఒక యాత్ర, ఒక ప్రచురణకర్త, ఒక దశాబ్దం. తెలుగువాళ్లకు చేతికందేవి, డబ్బుకు తగ్గ ఆనందం ఇచ్చేవి మూడు కనిపిస్తాయి నాకు.

ఒకటి, సొంత ఊరు లేదా జిల్లా. దీనికి పుస్తకం మొత్తం మీ ఊరి గురించే ఉండనక్కర్లేదు. రెండు పేజీలున్నా చాలు.

రెండోది, పుణ్యక్షేత్రాల గైడ్లు. తిరుపతి, శ్రీశైలం, భద్రాచలం, కాశీ, రామేశ్వరం మీద వచ్చిన యాత్రా దర్శినులు, పుష్కరాల సమయంలో వేసిన చిన్న పుస్తకాలు. అణాకో, రెండు అణాలకో అమ్మిన ఈ పల్చటి పుస్తకాలను లైబ్రరీలు కూడా పెద్దగా పట్టించుకోలేదు. నన్నడిగితే తెలుగు కలెక్టర్లకు అసలైన ఖాళీ మైదానం ఇదే. విదేశాల్లో ఎంత డబ్బు పోసినా దొరకనిది రాజమండ్రిలో ఏ పాత ఇంటి అటక మీదో దొరకొచ్చు.

మూడోది, ఒకే గైడు తాలూకు వరుస ఎడిషన్లు. దీనికి మన దేశానికి సంబంధించిన చక్కటి ఉదాహరణ లండన్‌లోని జాన్ ముర్రే సంస్థ వేసిన ఇండియా హ్యాండ్‌బుక్. 1859లో మద్రాసుకొక భాగం, బొంబాయికొక భాగం విడివిడిగా వచ్చాయి. వాటిని రాసింది ఎడ్వర్డ్ ఈస్ట్‌విక్. "దేశంలో మాట్లాడే భాషల పదజాలం, సంభాషణలతో సహా" అని పుస్తకం పేరులోనే చెప్పుకున్నారు. 1880ల మొదట్లో బెంగాల్, పంజాబ్ భాగాలు వచ్చాయి. 1890ల మొదట్లో అన్నిటినీ కుదించి ఒకే సంపుటం చేశారు. అక్కడినుంచి ఎడిషన్ మీద ఎడిషన్ వేసుకుంటూ 1975 నాటికి ఇరవై రెండో ఎడిషన్‌కు వచ్చారు. వీటి వీపుల (కుట్టు వైపు అంచుల) మీద పేర్లు వరుసగా చదివినా చరిత్ర కనిపిస్తుంది. మొదట ఇండియా, తర్వాత సిలోన్ చేరింది, ఆ తర్వాత బర్మా, విభజన కాగానే పాకిస్తాన్, చివరి ఎడిషన్‌కొచ్చేసరికి నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక. అన్ని ఎడిషన్లూ కావాలనుకోకండి. ఒక్కో తరానికి ఒకటి చొప్పున నాలుగైదు ఉన్నా మంచి వరుస కుదురుతుంది.

హద్దు ఏదైనా ఒక వాక్యంలో రాసుకుని ఫోన్‌లో పెట్టుకోండి. ఆదివారం ఫుట్‌పాత్ మీద చెయ్యి లాగినప్పుడు అది చదువుకుంటే చాలావరకు డబ్బులు మిగుల్తాయి.

రెండో అడుగు: పేర్లు, ముఖాలు గుర్తుపట్టడం నేర్చుకోండి

ప్రపంచంలో ఈ హాబీ చేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టూ తిరిగే పేరు బెడెకర్. జర్మనీలో కోబ్లెంజ్ ఊరి పుస్తకాల వ్యాపారి కార్ల్ బెడెకర్ 1835లో రైన్ నది ప్రయాణం మీద వేసిన గైడుతో ఇది ఊపందుకుంది. ఇంగ్లీషు ఎడిషన్లు 1861లో మొదలయ్యాయి. 1872లో సంస్థ లైప్‌జిగ్‌కు మారింది. ఎర్రటి గుడ్డ అట్ట, బంగారు అక్షరాలు, జేబులో పట్టే సైజు, పల్చటి కాగితం, చూడదగ్గ చోట్లకు నక్షత్రాల గుర్తులు, మడిచి పెట్టిన రంగుల మ్యాపులు. ఒకసారి చూస్తే మళ్లీ ఎక్కడున్నా గుర్తుపడతారు. 1914లో వచ్చిన రష్యా గైడు, 1929లో వచ్చిన ఈజిప్టు గైడు (రెండూ ఇంగ్లీషువి) కలెక్టర్లు ఎగబడేవి. మనకు సంబంధించినది 1914 నాటి ‘ఇండియన్’ (జర్మన్‌లో ఇండియా అని). అది జర్మన్‌లోనే వచ్చింది, ఇంగ్లీషులో వేయలేదు. ఆ ఏడాదే యుద్ధం మొదలైంది. దాని ధర వింటే టెన్షన్ వస్తుంది కాబట్టి మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

ముర్రే హ్యాండ్‌బుక్కులు 1836లో యూరప్ ఖండం గైడుతో మొదలయ్యాయి. వీటివీ ఎర్ర అట్టలే. 1901లో ఇండియా, జపాన్ లాంటివి తప్ప మిగతా గైడ్లను ముర్రే సంస్థ లండన్ మ్యాపుల ప్రచురణకర్త స్టాన్‌ఫోర్డ్‌కు అమ్మేసింది. ఆ హక్కులు ఇంకో చేతికి మారాక 1918లో బ్లూ గైడ్స్ పుట్టాయి. ఫ్రాన్సులో మిషెలిన్ గైడు 1900లో, అమెరికాలో ఫ్రోమర్ ‘యూరప్ ఆన్ ఫైవ్ డాలర్స్ ఎ డే’ 1957లో, లోన్లీ ప్లానెట్ పెట్టిన వీలర్ దంపతుల ‘ఎక్రాస్ ఏషియా ఆన్ ద చీప్’ 1973లో వచ్చాయి. ఇవి మైలురాళ్లు. పేరు, ఏడాది గుర్తుంటే చాలు.

మన దేశంలో అచ్చైనవాటిలో రైల్వే కంపెనీల గైడ్లు నాకు ప్రాణం. సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ల ఇలస్ట్రేటెడ్ గైడునే తీసుకోండి. ఒక్కో స్టేషన్ కింద దిగడానికి సత్రమో బంగళావో ఉందా, స్టేషన్ నుంచి ఊళ్లోకి ఏ బండి దొరుకుతుంది, ఆ ఊళ్లో ఏం తయారవుతుంది, ఏ అధికారి ఉంటాడు, ఏ నెలలో ఏ తిరునాళ్లు జరుగుతాయి అని వరసపెట్టి చెబుతారు. గుడి శిల్పం గురించి రెండు ముక్కలే ఉన్నా సరే, ఎద్దుబండి సంగతి మాత్రం మర్చిపోరు. పురావస్తు శాఖవాళ్ల గైడ్లు ఇంకో కోవ. లాంగ్‌హర్స్ట్ 1917లో రాసిన ‘హంపీ రూయిన్స్’ వీటిలో బాగా పేరున్నది. తర్వాత చాలాసార్లు అచ్చయింది కాబట్టి మరీ దొరకనిదేం కాదు.

ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ నిజానికి గైడు కాదు. 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా మద్రాసు నుంచి కాశీకి వెళ్లొచ్చిన దినచర్య అది. 1838లో అచ్చైంది. కానీ మజిలీలు, దారి ఎలా ఉంది, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, సత్రం ఉందా అని ఆయన రాసిన తీరు చూస్తే, వెనకాల వచ్చే యాత్రికుడి కోసమే రాశారనిపిస్తుంది. దిగవల్లి వేంకటశివరావు గారు పరిష్కరించిన 1941 ముద్రణ దొరికితే తెలుగు అలమారాలో మొదటి చోటు దానికే ఇవ్వండి.

మూడో అడుగు: వెతకాల్సిన చోట్లు

హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్. పొద్దున్నే వెళ్తే మంచి సరుకు, మధ్యాహ్నం దాటాక వెళ్తే మంచి ధర. కోఠీలో ఎక్కువగా పాఠ్యపుస్తకాలే ఉంటాయి గానీ ఎవరో ఇల్లు ఖాళీ చేసినప్పుడు వచ్చిన మూటలు అక్కడా తేలతాయి. విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు తెలుగు యాత్రా పుస్తకాలకు మంచివి. చెన్నైలో మూర్ మార్కెట్ 1985లో తగలబడ్డాక వ్యాపారులు సెంట్రల్ స్టేషన్ దగ్గర్లోనే వేరే కాంప్లెక్సులోకి మారారు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఇంగ్లీషు గైడ్లకు ఇప్పటికీ చెన్నైయే దిక్కు. ఢిల్లీ దరియాగంజ్ ఆదివారం సంత 2019 నుంచి మహిళా హాట్‌లో జరుగుతోంది. కలకత్తాలో కాలేజ్ స్ట్రీట్, బెంగళూరులో చర్చ్ స్ట్రీట్ అందరికీ తెలిసినవే.

షాపులో "పాత ట్రావెల్ గైడ్లున్నాయా?" అని అడిగితే లేవనే చెబుతారు. వాళ్ల లెక్కలో అది ఒక విభాగం కాదు. చరిత్ర, భక్తి, రైల్వే, ఇంగ్లీషు పాతవి, ఆఖరికి డిక్షనరీల వరుస కూడా మీరే చూసుకోవాలి. ఎర్ర అట్ట, చిన్న సైజు, లావు వీపు. కళ్లు ఈ మూడింటికి అలవాటు పడితే పని తేలిక. తెలుగు బుక్‌లెట్లైతే కట్టలు కట్టి ఉంటాయి, వీపు మీద పేరుండదు. కట్ట విప్పి చూస్తానంటే కొంతమంది విసుక్కుంటారు. ముందు ఏదో ఒకటి కొని, తర్వాత అడగండి.

తూకానికి కొనే పాత పేపర్ల కొట్టువాళ్లకు మీ ఫోన్ నంబర్ ఇచ్చి ఉంచండి. పాత అట్టల పుస్తకాలు వస్తే పక్కన పెట్టమని చెప్పి, పిలిచినప్పుడల్లా వెళ్లి ఏదో ఒకటి తీసుకోండి. రెండుసార్లు ఊరికే తిప్పారంటే మూడోసారి ఫోన్ చేయరు.

లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకం కనిపిస్తే, తొలగించినట్లు ఇంకో ముద్ర ఉందా చూడండి. లేకపోతే అది ఎలా బయటికొచ్చిందో అనుమానించాల్సిందే. అలాంటివి నేను కొనను.

నాలుగో అడుగు: చేతిలోకి తీసుకుని పరీక్షించడం

గైడుకు ప్రాణం మ్యాపులే. నవలలో ఒక బొమ్మ పోతే కథ పోదు. గైడులో మ్యాపు పోతే సగం పుస్తకం పోయినట్టే. పైగా మ్యాపులు కోసి ఫ్రేము కట్టి అమ్మేవాళ్లున్నారు కాబట్టి ఇది కావాలని చేసే నష్టం కూడా. అందుకని మొదట అట్ట కాదు, టైటిల్ పేజీ చూడండి. చాలా గైడ్లు ఎన్ని మ్యాపులున్నాయో అక్కడే చెబుతాయి. బెడెకర్ రష్యా 1914 ఎడిషన్ టైటిల్ పేజీలో 40 మ్యాపులు, 78 ప్లాన్లు అని ఉంటుంది. ఈజిప్టు 1929లో మ్యాపులు, ప్లాన్లు కలిపి 106. ఆ తర్వాత విషయసూచిక వెనక మ్యాపుల జాబితా, ఏది ఏ పేజీకి ఎదురుగా ఉండాలో రాసి ఉంటుంది. ఆ జాబితా పట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. షాపువాడు గుర్రుగా చూసినా పట్టించుకోకండి.

మ్యాపు తీసేసిన చోట పేజీల మధ్య కుట్టు దగ్గర సన్నటి కాగితం పీలిక మిగులుతుంది. దాన్ని వేలితో తడిమి పట్టుకోవచ్చు. అయితే ప్రతి పీలికా దొంగతనం కాదు. మడత మ్యాపును అంటించడానికి బైండరే వదిలిన పట్టీ కూడా అలాగే ఉంటుంది. పీలిక ఉండి, పక్కన మ్యాపు లేకపోతేనే అనుమానించండి. కొన్ని గైడ్లలో పెద్ద మ్యాపు వెనక అట్ట లోపలి జేబులో విడిగా ఉంటుంది. చాలాసార్లు జేబు ఉంటుంది, మ్యాపు ఉండదు.

మడత మ్యాపు విప్పేటప్పుడు ఒక చేత్తో పుస్తకం గట్టిగా పట్టుకుని, మడత ఎటు తిరిగితే అటే నెమ్మదిగా విప్పాలి. చిరుగు ముందు మడతలు కలిసే మూలల దగ్గర మొదలవుతుంది. మూలలో చిన్న చిల్లుంటే ఫర్వాలేదు. మడత పొడుగునా చీలిపోయి సెల్లో టేప్ వేసి ఉంటే ధర సగానికి సగం తగ్గించి అడగొచ్చు. ఆ జిగురు కాలక్రమంలో కాగితంలోకి దిగి పచ్చగా మారుతుంది, మళ్లీ పోదు.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. ఎర్ర అట్టల వీపు ఎండకు వెలిసి గులాబీ రంగులోకి దిగడం మామూలే. లోపలి కుట్టు వదులైందా, అట్ట పుస్తకం నుంచి ఊడొస్తోందా చూడండి. గోధుమ రంగు మచ్చలు అందవికారమే గానీ ప్రమాదం కాదు. చెదల సొరంగాలు, సన్నటి పొడి, ముక్కిన వాసన మాత్రం ప్రమాదం.

ఎవరి పేరో, "ఫలానా తేదీన గోదావరి స్టేషన్‌లో కొన్నది" లాంటి రాతో, మధ్యలో పాత టికెట్టో, ఎండిన ఆకో ఉంటే పారేయకండి. చేతిరాత వల్ల పుస్తకం చెడిపోయిందనుకునే కలెక్టర్లున్నారు. గైడ్ల విషయంలో నేను ఒప్పుకోను. దాన్ని వాడినవాళ్లు ఎక్కడ దిగారో, ఏ హోటల్ పేరు కొట్టేశారో తెలియడం అదనపు లాభం.

ఐదో అడుగు: తేదీ లేని పుస్తకానికి వయసు కట్టడం

బెడెకర్‌కు టైటిల్ పేజీ మీద సంవత్సరం ఉంటుంది. ముర్రే గైడ్ల చివర ప్రకటనల పేజీలు కలిపి కుట్టేవారు. వాటి మీద వేరే సంవత్సరం ఉంటే ఆ ప్రతి నిజంగా ఎప్పుడు అమ్మకానికి వెళ్లిందో తెలుస్తుంది. మన చిన్న గైడ్లతోనే చిక్కు. చాలావాటి మీద ఏ తేదీ ఉండదు. లోపలున్న విషయంతోనే వయసు తేల్చాలి.

దీనికి రెండు గీతలు గీయాలి: ఈ పుస్తకం దీనికి ముందు వచ్చి ఉండదు, దీని తర్వాత వచ్చి ఉండదు. తిరుపతి మీద ఒక తెలుగు బుక్‌లెట్ ఉందనుకుందాం. వెల నాలుగు అణాలు అని ఉంది. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి బహుశా అంతకు ముందుదే. కొండ మీదికి బస్సు వెళ్తుందని ఉంది. మొదటి ఘాట్ రోడ్డు తెరిచింది 1944లో, కాబట్టి దానికి తర్వాతిది. లోపల "మన ఆంధ్ర రాష్ట్రంలో" అని రాశారు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న ఏర్పడింది, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అయింది. ఇక మూడేళ్ల వ్యవధే మిగిలింది. ముందుమాట కింద "జయ నామ సంవత్సరం" అని కనిపించిందంటే పని పూర్తయినట్టే. జయ 1954 ఉగాది నుంచి 1955 ఉగాది దాకా. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేర్లు కాబట్టి 1894 కూడా కావచ్చు, 2014 కూడా కావచ్చు. కానీ అణాలు, బస్సు ఆ రెండింటినీ ముందే కొట్టేశాయి. తెలుగు సంవత్సరాల పేర్ల పట్టిక ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి, ఊరికే పోదు.

ఇలాంటి గుర్తులు ఇంకొన్ని. మహంతుల అజమాయిషీలో ఉన్న తిరుమల అంటే 1933కు ముందు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అంటే 1908 తర్వాత. సదరన్ రైల్వే అంటే 1951 తర్వాత. హాలీ సిక్కాల్లో (నిజాం నాణేల్లో) ధర ఉంటే నిజాం రాజ్యం నాటిదో, దాని వెనకటి కొద్ది ఏళ్లదో. సాలార్‌జంగ్ మ్యూజియం దివాన్ దేవిడీలో (సాలార్‌జంగ్‌ల పాత భవనంలో) ఉందంటే 1951కీ 1968కీ మధ్య. పిన్ కోడ్ కనిపిస్తే 1972 ఆగస్టు తర్వాత. నాగార్జునకొండ లోయలోకి దారి చెబుతుంటే జలాశయం నిండక ముందుది.

పాత పేర్లతో మాత్రం జాగ్రత్త. బెజవాడ అని ఉన్నంత మాత్రాన పుస్తకం పాతదైపోదు. మనవాళ్లు ఇప్పటికీ బెజవాడనే అంటున్నారు. అలాగే ప్రచురణకర్తలు పాత పాఠాన్నే మార్చకుండా పదే పదే అచ్చేసేవారు. కాబట్టి పాత సంగతి ఉందంటే తేలేది తక్కువ. కొత్త సంగతి ఒక్కటున్నా దాని మీద గట్టిగా నిలబడొచ్చు.

ఆరో అడుగు: ధర, బేరం

ధరను నిర్ణయించేవి మూడు: మ్యాపులన్నీ ఉన్నాయా, ఆ చోటుకు కొనేవాళ్లున్నారా, అది చిన్న సంఖ్యలో వేసిన ఎడిషనా. వయసు నాలుగో స్థానంలో ఉంటుంది. 1890ల స్విట్జర్లాండ్ గైడు యూరప్‌లో చాలా చవక, ఎందుకంటే ఆ రోజుల్లో అందరూ అక్కడికే వెళ్లారు. యుద్ధానికి ముందు ఏడాది వచ్చినవి, తర్వాత మాయమైన రాజ్యాల గురించినవి ఖరీదు.

ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్లు పెట్టిన ధర చూసి "నా పుస్తకం ఇంత" అనుకోకండి. అది ఆశపడిన ధర. ఈబేలో అమ్ముడైపోయినవాటిని వేరుచేసి చూపించే వెసులుబాటు ఉంది. అక్కడ కనిపించేదే నిజమైన ధర. ఫుట్‌పాత్ మీదైతే మీ మొహంలో సంబరం కనిపిస్తే బేరం అయిపోయినట్టే. కావలసినదాన్ని ఇంకో రెండు పుస్తకాల మధ్య పెట్టి మూడింటికీ కలిపి అడగండి.

ఏడో అడుగు: ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు

ఏబ్‌బుక్స్, ఈబే లాంటి చోట్ల మనకు ఎదురయ్యే పెద్ద బెడద పునర్ముద్రణలు. "1900 ఎడిషన్" అని రాస్తారు, వచ్చేది ఎవరో స్కాన్ చేసి నిన్ననే ప్రింట్ తీసిన ప్రతి. అందులో మడత మ్యాపులు సగం మడతలోనే స్కాన్ అయి ఉంటాయి. మంచి పునర్ముద్రణలు లేకపోలేదు. బెడెకర్ రష్యా 1971లో తిరిగి అచ్చైంది. ఢిల్లీలోని ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ చాలా పాత యాత్రా పుస్తకాలను మళ్లీ వేసింది. చదువుకోవడానికి అవి హాయి. అసలు ధరకు కొనకపోతే చాలు.

ఆర్డర్ పెట్టేముందు అమ్మేవారిని టైటిల్ పేజీ ఫొటో, మ్యాపుల జాబితా ఫొటో, మ్యాపులు విప్పి తీసిన ఫొటోలు, వీపు ఫొటో అడగండి. మ్యాపుల ఫొటోలు పంపడానికి బద్ధకించే అమ్మకందారు దగ్గర నేను కొనను. విదేశాల నుంచైతే పోస్టేజీ చాలాసార్లు పుస్తకం ఖరీదును మించుతుంది. దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం సుంకం వేశారు. ఆర్డర్‌కు ముందు ఇప్పటి రేటు చూసుకోండి.

కొనబోయే ముందు పాత పుస్తకాల స్కాన్లు ఉచితంగా చూపించే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్లో ఆ పుస్తకం ఉందేమో చూడండి. ఉంటే కొనడం మానేయమని కాదు. మీ చోటు గురించి అందులో ఏమైనా ఉందో లేదో ముందే తెలుస్తుంది. పైగా పూర్తి స్కాన్ పక్కన పెట్టుకుంటే మీ ప్రతిలో ఏ పేజీ లేదో పట్టుకోవడం తేలిక.

ఎనిమిదో అడుగు: ఇంటికి తెచ్చాక

ఫుట్‌పాత్ నుంచి వచ్చిన పుస్తకాన్ని నేరుగా అలమారాలో పెట్టకండి. మెత్తటి బ్రష్‌తో వీపు దగ్గర్నుంచి బయటికి దుమ్ము దులపండి. పురుగు అనుమానం ఉంటే జిప్ కవర్లో గాలి తీసి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవర్ విప్పకుండా ఒక రోజంతా గది వేడికి రానివ్వాలి. వెంటనే విప్పితే తేమ కాగితం మీద చేరుతుంది.

కోస్తాలో మన శత్రువు తేమ. గోడకు ఆనించి, బాత్రూమ్ గోడ పక్కన, కింది అరలో పుస్తకాలు పెట్టకూడదు. వానాకాలంలో అలమారాలో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, ఎండ కాసి పొడిగా ఉన్న రోజున తలుపులు తెరవండి. పుస్తకాలను మాత్రం ఎండలో పెట్టకండి, ఎర్ర అట్టలు వెలిసిపోతాయి. కలరా ఉండలు పుస్తకానికి ఆనించి పెట్టడం, లామినేషన్ చేయించడం, చిరుగుకు టేప్ వేయడం పూర్తిగా వద్దు. చిరిగిన మ్యాపును సన్నటి జపనీస్ టిష్యూ, గోధుమ గంజితో వెనకనుంచి అతికించాలి. అలవాటు లేకపోతే ముందు పనికిరాని కాగితం మీద నేర్చుకోండి. "అట్ట మార్చి కొత్తగా చేసిస్తాను" అనే బైండర్‌కు అస్సలు ఇవ్వకండి. గైడుకు అసలు అట్టే సగం విలువ, పైగా అతను అంచులు కోసేటప్పుడు మ్యాపు మడతలు కూడా తెగుతాయి.

తొమ్మిదో అడుగు: లెక్క రాసుకోవడం

ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. పేరు, ప్రచురణకర్త, ఎడిషన్, సంవత్సరం (అంచనా అయితే అలా అని), ఉండాల్సిన మ్యాపులు, ఉన్న మ్యాపులు, ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు, లోపాలు. చివర్లో ఒక గడి: "నా చోటు ఏ పేజీల్లో ఉంది." పుస్తకాలు యాభై దాటాక మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఈ గడే. పుస్తకం లోపల రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో చివరి ఖాళీ పేజీలో మాత్రమే.

పదో అడుగు: పుస్తకాన్ని వాడటం

ఒకే చోటు గురించిన పేజీలను ఫోన్‌తో ఫొటోలు తీసి, ప్రింట్లు పట్టుకుని ఆ చోటికి వెళ్లండి. అసలు పుస్తకం ఇంట్లోనే ఉంచండి. హంపీకి లాంగ్‌హర్స్ట్ పేజీలు, పురావస్తు శాఖ తర్వాత వేసిన గైడు పేజీలు రెండూ తీసుకెళ్తే ఒకే మండపం దగ్గర రెండు వర్ణనలూ చదవొచ్చు. ఒకప్పుడు తుప్పల్లో ఉన్నదేదో, తర్వాత నిలబెట్టినదేదో, దేని పేరు మారిందో రాసుకోండి. తిరిగొచ్చాక ఆ నోట్సును పుస్తకంలో దూర్చకుండా విడిగా ఫైలు చేయండి. కాగితాలు దూర్చితే వీపు పగులుతుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట

సెలవుల్లో వచ్చినప్పుడు ఇక్కడ కొని సూట్‌కేసులో పెట్టుకెళ్దామనుకుంటే కాస్త ఆగండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులు, రికార్డులు, పత్రాలు 75 ఏళ్లు దాటితే పురావస్తువులే. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పాత అచ్చు పుస్తకం, ముఖ్యంగా చేతిరాతలు, విడి మ్యాపులు ఉన్నది చేతిలో ఉంటే ప్రయాణానికి ముందే పురావస్తు శాఖ ఆఫీసులో అడిగి, అవసరమైతే అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోండి. ఇందుకు రోజులు పట్టొచ్చు కాబట్టి ఫ్లైట్ ముందు రోజు దాకా ఆగకండి. 1950ల తర్వాతి టూరిజం బుక్‌లెట్లకు, లోన్లీ ప్లానెట్ పాత ఎడిషన్లకు ప్రస్తుతానికి ఈ బెడద లేదు. మీ హద్దు ఆ కాలమే అయితే నిశ్చింతగా పెట్టె సర్దుకోవచ్చు.